ముఖం చూసే ముందు వేసిన ఆకు

నా భార్య మునీశ్వరి పోయిన రోజుకు షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. పట్టుపురుగు మేత మాని, తల పైకెత్తి, కదలక మెదలక ఉండి పాత చర్మం విడవడాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగుకు ఆకలి తప్ప ఇంకేమీ తెలియదు, ఆకు పరిచి వెనక్కి తిరిగేసరికి ఈనెలు మిగులుతాయి. ఆ తెల్లవారి ఆమె ఆకు కోసుకొచ్చి తట్టలకు పరిచి, షెడ్డు గడప దగ్గర చల్లిన సున్నంపొడి మీద కాలు పెట్టి బయటికి వచ్చి, చొక్కా గుండీలు పెట్టుకుంటున్న నన్ను చూసి, "తల ఏందో బరువుగా ఉండాది" అంది. తర్వాత ఆమె మాట్లాడలేదు. పుంగనూరు దాకా ఆటోలో, అక్కడినుంచి మదనపల్లెకు అంబులెన్సులో. తలలో నరం చిట్లింది అన్నారు. ఆస్పత్రి వరండాలో డాక్టరు చెబుతున్నంతసేపూ నేను ఆమె కాలివేళ్ల సందుల్లో అంటుకుని ఉన్న సున్నాన్ని చూస్తూ నిలబడ్డాను. ఇల్లు చేరేలోపల తుడవాలి అనుకున్నాను. ఎందుకు అనుకున్నానో తెలియదు.

ఆ ఆస్పత్రి ఇక్కడికి రెండు వీధుల అవతలే. నేనిప్పుడు కూర్చున్నది మదనపల్లెలోనే, బెంగళూరు బస్టాండు అనే చోటి దగ్గర ఒక మేడ మీది నెట్ సెంటరులో, ప్లైవుడ్ పలకలు కొట్టి చేసిన గదుల్లో ఒకదానిలో. ఒక మనిషికి కట్టిన గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి ఒకరు బయటికి పోవాలంటే ఇద్దరూ లేచి, ఒక కుర్చీని బల్ల కిందికి తోసి, గోడకు ఆనుకుని నిలబడాలి. రెండో కుర్చీలో మాధవీలత ఉంది. మునీశ్వరి తమ్ముడు అంజినప్ప కూతురు, ఈ ఊళ్లోనే హాస్టల్లో ఉండి ఎంసీఏ చదువుతోంది. పుంగనూరులో కూడా నెట్ సెంటరు ఉంది కానీ అక్కడ ఎవరు కూర్చున్నా మా స్కూలు పిల్లలే, నా వెనక నిలబడి తెర మీది అక్షరాలు పైకి చదువుతారు. అందుకని పోయిన ఆదివారం ఒకసారి, ఈ ఆదివారం మళ్లీ ఇంత దూరం వచ్చాను. కింద టమోటా లారీలు పోతున్నప్పుడల్లా బల్ల అదురుతుంది, బల్లతోపాటు తెర మీది పేజీ కూడా అదిరినట్టు ఉంటుంది. పేజీ పైనుంచి కొంచెం కొంచెంగా తెరుచుకుంటోంది. ముందు ఒక గోపురం, కింద పచ్చిక, పచ్చిక మీద నవ్వుతూ కూర్చున్న పిల్లలు, ఆ పిల్లల మోకాళ్ల దగ్గర ఆగిపోయింది.

"రొంత సేపు ఉండు మామా, వస్తాది" అంది మాధవీలత. "ఆదివారం గదా, అందురూ ఈడనే ఉండారు."

కథలు రాయడం నేర్పే ఎం.ఏ. ఇంట్లోనే కూర్చుని చదవొచ్చు, పాఠాలు కంప్యూటరులోకి వస్తాయి, రాసింది కంప్యూటరులోనే పంపాలి. విదేశాల్లో అలాంటి చదువు ఒకటి ఉందని పోయిన ఏడు ఇంగ్లీషు పత్రికలో చూసి మునీశ్వరికి చెబితే, ఆమె చాటలో రాగులు చెరుగుతూ, "కత రాసేదానికి గూడా కాలేజీ ఉండాదా? అయితే చేరు. నీకు కావాల్సిందే అది" అంది. ఎగతాళి అనుకున్నాను. నిన్న స్టాఫ్ రూములో లెక్కల సారు ఈశ్వరప్పకు తెలిసిపోయింది, ఎలా తెలిసిందో. "కతలు చెప్పేదానికి ఎం.ఏ. యాల సారూ, మా అవ్వ ఏ యూనివర్సిటీలో సదివింది?" అని అందరూ వినేట్టు అని, తర్వాత బీడీ కోసం బయటికి వచ్చినప్పుడు గొంతు తగ్గించి, "ఎం.ఇడి. చెయ్యప్పా వెంకటేశులూ, హెడ్మాస్టరు అయినా అవుతావు. మనసు బాగలేనప్పుడు మనిషి ఏదో ఒకటి పట్టుకోవాల, నేను కాదనను. పట్టుకునేది గట్టిగా ఉండేదాన్ని పట్టుకో" అన్నాడు. మంచిగానే చెప్పాడు. నేను తల ఊపాను. నేను ఇరవై ఏళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను, వ్యాసం సోమవారానికి తెమ్మంటే ఆదివారం రాత్రి రాస్తారు, ఎప్పుడైనా తెమ్మంటే ఎప్పటికీ రాయరు. నేనూ వాళ్లలాంటివాణ్ణే. ఆమె పోయినాక నేను హాజరు పట్టీ తప్ప ఇంకేదీ రాయలేదు. ఎవరో ఒకరు నాకు సోమవారం అని చెప్పాలి. అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదని ఈశ్వరప్పకు చెప్పలేకపోయాను.

ఇంకొక కారణం ఉంది. అది నాకు నేను కూడా చెప్పుకోలేదు. అక్కడ పాఠం చెప్పేవాళ్లకు అంజినప్ప ఉండే గుడుపల్లె ఎక్కడుందో తెలియదు. అంజినప్ప ఎవరో తెలియదు. మైల అంటే ఏమిటో చెప్పడానికే రెండు పేజీలు పడుతుంది. వాళ్లు చదివి కాగితం పక్కన పెట్టి టీ తాగుతారు, ఆ సంగతి సముద్రం అవతలే ఉండిపోతుంది. అలా అనుకుని బస్సెక్కాను. తీరా ఇక్కడికి వచ్చాక నాకు ఈమెయిల్ అడ్రసే లేదు. మాధవీలత నిమిషంలో ఒకటి చేసి పెట్టింది. "పాస్‌వర్డు అత్త పేరే పెట్టినా మామా, నువ్వు మరిసిపోవు, నేనూ మరిసిపోను" అంది. మంచిదమ్మా అన్నాను.

మునీశ్వరి ఏడో తరగతి చదివింది. నావి ఆదివారం అనుబంధాల్లో పడినవి మూడు కథలు, మూడూ ఆమె చదివింది, పొయ్యి ముందు కూర్చుని, పెదవులు కదుపుతూ. మొదటి రెండింటికీ ఏమీ అనలేదు. మూడోదానిలో పురుగులు మేపే ఆడమనిషి ఉంది. చదివి, కాగితం మడిచి, ఉప్పు డబ్బా మీద పెట్టి, "దీంట్లో ఉండేది నేనే గదా" అంది. అవునన్నాను. "నన్ను పెట్టినావు గానీ నా నోరు పెట్టలేదే" అంది. "ఇది మీ ఆఫీసు సర్క్యులర్ మాదిరి మాట్లాడతాండాది. 'నాకు చాలా అలసటగా ఉన్నదండీ' అంట. ఎప్పుడన్నా అట్ల అన్నానా నేను?" నవ్వింది, నేనూ నవ్వాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమె పుట్టింది కుప్పం అవతల గుడుపల్లె దగ్గర. మాటలో సగం అరవం ఉండేది, కోపం వస్తే కన్నడం వచ్చేది. తెలుగులోనే ఆమె నోరు పట్టలేకపోయినవాణ్ణి, ఇంగ్లీషులో ఏం పడతాను? 'యాలప్పా ఇట్ల నిలబడుకోని ఉండావు' అన్న మాటను ఇంగ్లీషులో పెడితే అది ఎవరిదైనా కావచ్చు, రైల్వే స్టేషనులో అడిగే మాట కూడా కావచ్చు. అయినా ఈ పేజీ ముందు కూర్చున్నాను. పిల్లల మోకాళ్లు దాటి పేజీ కిందికి దిగుతోంది.

నేను చూసుకున్న మూడు చదువుల్లో ఒకటి పోయినవారమే కొట్టేశాను, వాళ్లు ప్రతి వేసవిలో పది రోజులు అమెరికాకు రమ్మంటారు. మిగిలినవి రెండు. ఒకటి కల్పన నేర్పుతుంది. కథ, నవల. రెండోది నిజంగా జరిగినవి రాయడం నేర్పుతుంది, తన జీవితం, తన మనుషులు, తన ఊరు. రెండూ ఇంగ్లండులోని ఒకే యూనివర్సిటీవి, ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నాయి, రెండిటి పక్కనా రెండు చిన్న గుండ్రాలు. ఒకదానిలో చుక్క పెడితే ఇంకోదానిలో పడదు. ఈ రోజు ఆ చుక్క పెట్టి పేరు నమోదు చేసుకోవాలి, నమూనా రచన తర్వాత పంపొచ్చు. మాధవీలత రెండూ తెరిచి, ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి చూపిస్తోంది. రెండోదానిలో కింద ఒక వాక్యం ఉంది, అది నేను పోయినవారమే చదివి ఉన్నాను, మళ్లీ చదివాను. మీ రచనలో కనిపించే, బతికి ఉన్న మనుషులకు ఆ సంగతి చెప్పారా? అవును. కాదు. ఇంకా లేదు. స్కూలు పిల్లల పరీక్ష కాగితం మాదిరి మూడు జవాబులు.

కల్పనలో ఈ ప్రశ్న లేదు. కల్పన తీసుకుంటే నాకు ఏ ఇబ్బందీ లేదు. ఎన్నోసార్లు మనసులో రాసుకున్నాను, బస్సులో, పరీక్ష హాల్లో, నీళ్లు తోడుతూ. ఊరి పేరు మార్చాను. పుంగనూరు తీసేసి కలకడ పెట్టాను. పురుగులు తీసేసి పాల ఆవులు పెట్టాను. అంజినప్పను తీసేసి పక్కింటివాణ్ణి పెట్టాను. ఆ పక్కింటివాడు వచ్చి, ఏమి చేయాలో తెలియక, కథలో నిలబడిపోతాడు. అక్కడినుంచి ఒక్క వాక్యం ముందుకు పోదు.

ఆ మధ్యాహ్నం ఆమెను ఇంటికి తెచ్చి వసారాలో పడుకోబెట్టాము. ఊరంతా వచ్చింది. ఎవరో దీపం పెట్టారు, ఎవరో ఊదొత్తులు వెలిగించారు, షెడ్డు వైపు పొగ పోతుందని ఎవరో వాటిని మళ్లీ ఆర్పేశారు. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, పురుగులకు పొద్దున వేసిన ఆకే. షెడ్డులోకి మైల పోకూడదు. శవాన్ని ముట్టినవాళ్లు, చూసి ఏడ్చినవాళ్లు, ఆ వాకిట్లో కూర్చున్నవాళ్లు ఎవరూ పోకూడదు. మామూలు రోజుల్లోనే బయటివాళ్లను రానివ్వదు మునీశ్వరి, ఒకసారి మా హెడ్మాస్టరు చూస్తానని వస్తే తలుపు దగ్గరే నిలబెట్టి, "సారూ, మీరు స్కూలుకు పెద్ద. దీంట్లో నేను పెద్ద" అని పంపించేసింది. పక్కింటి సిద్ధమ్మ, "అయ్యో, నోరులేనివి తల్లీ, ఆకలికి తలకాయలు ఎత్తుకోని ఉంటాయి" అని ఏడ్చింది. ఏడ్చింది ఎవరి కోసమో ఆమెకే తెలియలేదు. అప్పుడు అంజినప్ప వచ్చాడు. గుడుపల్లెనుంచి కుప్పం, కుప్పంనుంచి వి.కోట మీదుగా బస్సులు మారి వచ్చాడు. వాకిలి దాకా వచ్చి, జనం పక్కకు జరిగి దారి ఇస్తుంటే, ఆగిపోయాడు. గోడ వైపు తిరిగాడు. "అక్కను నేనింకా సూడలా" అన్నాడు, గోడతో చెప్పినట్టు. "సూస్తే లోపలికి పోయేదానికి లేదు. ముందు పురుగులకు ఆకేసొస్తా." ఎవరో వద్దన్నారు. "మా అక్క మేపినవి. వాటిని మాడబెడతామా?" అన్నాడు. కండువా నడుముకు బిగించి, ఇంటి వైపు చూడకుండా, కొడవలి అడిగి తీసుకుని, గోడ పక్కగా తోటకు పోయాడు. నేను వసారాలో ఆమె తల దగ్గర కూర్చుని అతని వీపు చూశాను.

అతనికి మా తోట తెలియదు. మా మల్బరీకి పక్కన ఆదినారాయణ టమోటా వేస్తాడు, మధ్యలో గెనిమ, ఆ చిన్న గట్టు ఒక్కటే అడ్డం. టమోటాకు మందు కొట్టిన రోజు ఆదినారాయణ గెనిమ మీద నిలబడి, "అమ్మా మునీశ్వరీ, ఈ పొద్దు మందు కొడతాండా" అని కేకేసేవాడు. గాలికి ఆ మందు మా ఆకు మీద పడుతుంది, ఆ ఆకు తింటే పురుగు బతకదు. అందుకని ఆమె గెనిమ పక్కనున్న సాళ్ల చివర పాత చీర పేలిక ఒకటి కట్టేది. పేలిక ఉన్నన్ని రోజులు అక్కడి ఆకు కోయదు. ఎవరికీ చెప్పవలసిన పని లేదు, తోటలో దిగేది ఆమె ఒక్కతే. గుడుపల్లెలో అంజినప్ప చేనుకు చుట్టూ రాగి, చెనిక్కాయ. మందు లేదు, పేలికలు లేవు. చేలో గుడ్డ కట్టారంటే వాళ్లకు అది దిష్టికే. పచ్చగా, దట్టంగా, నాలుగు రోజులుగా కొడవలి తగలని ఆకు, దిష్టి తగలకుండా అక్క గుడ్డ కూడా కట్టి పెట్టుకున్న ఆకు. అది కోసి ఉంటాడు. మంచి ఆకు అని ఏరి కోసి ఉంటాడు.

"మామా, పేరు ఇంగ్లీషులో ఎట్ల రాస్తావు? చివర యు ఒకటేనా?"

ఒకటే అన్నాను. కీబోర్డు మీద ఆమె వేళ్లు పురుగులు ఆకు కొరికినట్టు చప్పుడు చేస్తున్నాయి. ఆ సాయంత్రం ఆ చప్పుడు లేదు. శ్మశానం నుంచి తిరిగొచ్చి, నీళ్లు పోసుకుని, తడిబట్టలతో షెడ్డు పక్కగా నడుస్తున్నాను. అక్కడ ఎప్పుడూ ఉండే చప్పుడు లేకపోవడం ముందు నా చెవికి కాదు, కాళ్లకు తెలిసింది. కాళ్లు ఆగిపోయాయి. తలుపు తీసి లోపలికి పోయాను. ఆకు ఆకుగానే ఉంది. పురుగులు తలలు అటూ ఇటూ విసురుతూ, నోటి నుంచి పచ్చటి నీళ్లు కక్కుతూ, కొన్ని అప్పటికే పక్కకు ఒరిగి ఉన్నాయి. ఒక ఆకు తీసి వాసన చూశాను. తర్వాత తోటకు పోయాను. గెనిమ పక్క సాళ్లలో కొమ్మలు కొత్తగా నరికి ఉన్నాయి, చివర పేలిక గాలికి ఊగుతోంది. విప్పి, మడిచి, పంచె మడతలో పెట్టుకున్నాను. ఆలోచించి చేసిన పని కాదు. తిరిగి వస్తుంటే సిద్ధమ్మ వాకిట్లో నిలబడి ఉంది, షెడ్డు తలుపు వైపు చూసింది, నన్ను చూసింది. "అయ్యవారూ, లోపలికి పోయినారా ఏందప్పా?" అంది. పోయాను అన్నాను. తెల్లవారేసరికి ఊరికంతా తెలిసింది, పెండ్లాన్ని పూడ్చిపెట్టి వచ్చి అయ్యవారు మైలతో షెడ్డులోకి పోయినాడు, పురుగులన్నీ చచ్చినాయి.

ఆదినారాయణ ఒక్కడు మాత్రం రెండో రోజు గెనిమ దగ్గర నన్ను పట్టుకున్నాడు. "సారూ, అంతకు నాలుగు దినాల ముందర నేను మందు కొట్టినా. అమ్మకు చెప్పినా, పేలిక గూడా కట్టింది, నేనే సూసినా. ఆకు యాడ కోసినారు?" అన్నాడు. పై సాళ్లలో అన్నాను. అతను నరికిన కొమ్మల వైపు చూశాడు. "సరేలే సారూ, మీరు చెప్పినారంటే అంతే" అని దున్నుతూ ఆపిన మడక వైపు పోయాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. దారిలో కనిపిస్తే టమోటాలు ఇస్తాడు.

పెద్దకర్మ రోజు మా అత్త, మునీశ్వరి తల్లి కుప్పమ్మ అందరి ముందూ అడిగింది, "సదువుకున్నోడివి, పిల్లోళ్లకు బుద్ధి చెప్పేవోడివి, మైల అని తెలీదా నీకు? దాని చేతి కష్టం గదా అది." నేను తల వంచుకున్నాను. అంజినప్ప లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు, భుజం చుట్టూ చేయి వేశాడు. "పోనీ విడుమ్మా. బావ కావాలని పోయినాడా? పాణం బాగలేక పోయినాడు. అక్కే పోయినాక పురుగులదేముంది?" అన్నాడు. నన్ను క్షమించాడు. అందరూ అతణ్ణి మెచ్చుకున్నారు, నేను కూడా మెచ్చుకున్నట్టే తల ఊపాను. తర్వాత ప్రతి నెలా వస్తాడు, చెనిక్కాయలు తెస్తాడు, నాతోపాటు వసారాలో కూర్చుంటాడు. ఎక్కువ మాట్లాడడు. పోయే ముందు మాత్రం ఆ మాట ఒకటి చెబుతాడు, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టు. "అక్కకు కడసారి నేను చేసింది అదొకటే బావా. ముఖం సూసే ముందర ఆకేసినా. కడుపునిండా ఏసినా." అవును అంజినప్పా, అంటాను. బస్సు దాకా పోయి ఎక్కించి వస్తాను.

తెర ఒక్కసారి మినుకుమంది. కరెంటు పోయినట్టుంది, బయట ఫ్యాన్లు ఆగాయి. నెట్ సెంటరు నడిపే ఉదయ్ కిరణ్ తన బల్ల దగ్గరినుంచి, "సార్, బ్యాటరీ మీద ఉండాది, అర్ధగంటే వస్తాది, ముఖ్యమైనవి బిరీన సేసుకోండి" అని అరిచాడు. గదిలో గాలి లేదు. తలుపు తీద్దామంటే ఇద్దరం లేవాలి. మాధవీలత చున్నీతో ముఖం తుడుచుకుని, నా వైపు సగం తిరిగి, తెర వెలుగులో అచ్చం మునీశ్వరి మాదిరి కనుబొమలు పైకెత్తి అడిగింది.

"ఏది పెట్టమంటావు మామా? నాకైతే రెండోదే మేలు అనిపిస్తాండాది. జరిగింది రాసేది."

"ఎందుకు?"

"నీకు రాసేదానికి ఉండాది గదా. నాయన సంగతి రాయి." ఆమె కొంచెం సిగ్గుపడింది. "అత్త ముఖం గూడా సూడకుండా ముందు పురుగులకు ఆకేసినాడు గదా. నేను ఆ పొద్దు ఆడనే ఉండా మామా, వాకిట్లో. మా హాస్టల్లో చెప్తే అమ్మాయిలంతా ఏడ్చినారు. నువ్వు ఇంగ్లీషులో రాస్తే ఎంత బాగుంటాదో. నాయనకు ఇంగ్లీషు రాదు, నేను తెలుగులో చెప్పి ఇనిపిస్తా. నీ మెయిలు నా దగ్గరే ఉండాది గదా, నువ్వు పంపిన దినమే సదువుతా."

లారీ ఒకటి పోయింది. బల్ల అదిరింది. నేను తెర మీది రెండు గుండ్రాలను చూస్తూ ఉన్నాను, పేజీ వచ్చేదాకా వాటి పక్కన నల్లగా తిరిగే చిన్న గడియారాన్ని చూస్తూ ఉన్నాను. సముద్రం అవతలివాళ్ల కోసం అనుకున్నది గుడుపల్లెలో అంజినప్ప వసారాలో వినిపిస్తుంది, అతని కూతురి నోటితో, అతను కండువా ఒళ్లో వేసుకుని వింటుండగా. అయితే కల్పన పెట్టు అని చెప్పబోయాను. నాలుక మీదికి వచ్చింది. కల్పనలో ఆకు ఇంకెవరైనా కోస్తారు. ఒక కూలిమనిషి, ఒక పక్కింటివాడు, పేరు లేనివాడు. అంజినప్పకు ఏమీ అంటదు. ఆకు ఇంకొకరి చేతికి ఇచ్చి చూశాను, ఇప్పుడే, ఈ కుర్చీలో. ఆ ఇంకొకడు వాకిలి దాకా వస్తాడు, జనం దారి ఇస్తారు, అతను లోపలికి పోయి ముఖం చూస్తాడు. ఎందుకు చూడడు? అతనికి ఆమె అక్క కాదు. గోడ వైపు తిరగడానికి అతనికి కారణం లేదు. తప్పు అంజినప్ప చేతిలోంచి తీసేస్తే, గోడ వైపు తిరిగి 'అక్కను నేనింకా సూడలా' అన్న మనిషి కూడా పోతాడు. పక్కింటివాడు కథలో ఎందుకు నిలబడిపోతున్నాడో ఇన్ని నెలల తర్వాత తెలిసింది. పోనీ, మాధవీలత చెప్పినంతవరకే రాసి ఆపేస్తే? ఆకు వేశాడు, బయటికి వచ్చాడు, అక్క కాళ్ల మీద పడి ఏడ్చాడు. అంతా నిజమే, ఒక్క మాట కూడా అబద్ధం కాదు. హాస్టలు పిల్లలు ఏడుస్తారు, ఇంగ్లండువాళ్లు బాగుందంటారు. పొయ్యి ముందు కూర్చుని పెదవులు కదుపుతూ చదివే మనిషి ఉంటే, మడిచి ఉప్పు డబ్బా మీద పెట్టేది.

అంజినప్పకు తెలియదని నాకు ఎలా తెలుసు? ఈ ఆలోచన ఇంతకు ముందు రాలేదు. అతనూ రైతే. చచ్చిన పురుగులను గుంట తీసి పూడ్చినప్పుడు పక్కనే ఉన్నాడు, పారతో మట్టి లాగింది అతనే. నోటి దగ్గరి పచ్చటి నీళ్లు చూడలేదా? పెద్దకర్మ రోజు నా భుజం మీద వేసిన చేయి ఎందుకంత బరువుగా ఉండింది? ప్రతి నెలా బస్సులు మారి వచ్చి, ఎక్కువ మాట్లాడకుండా కూర్చుని, పోయే ముందు ఆ ఒక్క మాట నా ముందు పెట్టి, నేను ఏమంటానో అని నా ముఖం చూసి పోతాడా? నేను ప్రతిసారీ అవును అన్నాను. ఆ అవునుతో అతనికి తలుపు తీశానో, వేశానో.

"మామా, టైమవతాండాది."

"రెండోది పెట్టమ్మా" అన్నాను.

చుక్క పడింది. ఆమె సంతోషంగా కిందికి పోయింది, పుట్టిన తేదీ, ఊరు, చదువు, ఒక్కొక్కటే నింపింది. ఆ ప్రశ్న దగ్గర ఆగి, పైకి చదివి, "నాయనకు చెప్పినావా మామా?" అని అడిగింది. ఇంకా లేదు అన్నాను. "అదే పెడతా, మూడోది" అని పెట్టింది. పంపు అన్న మాట మీద నొక్కి, గడియారం తిరుగుతుంటే ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాము, ఆమె ఒకందుకు, నేను ఒకందుకు. పోయింది. అందినట్టు కృతజ్ఞతలతో ఒక వాక్యం వచ్చింది. ఆమె లేచింది కాబట్టి నేనూ లేచాను, కుర్చీ బల్ల కిందికి తోసి గోడకు ఆనుకున్నాను, తలుపు తెరుచుకుంది. మెట్లు దిగుతూ, "నాయనకు ఈ రాత్రే ఫోను చేసి చెప్తా, మామ నీ గురించి రాస్తాండాడని" అంది. వద్దని చెప్పడానికి ఒక కారణం వెతికాను. దొరికేలోపల ఆమె హాస్టలు వీధిలోకి తిరిగి చేయి ఊపింది.

పుంగనూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు ఇంకా కదలలేదు. నమూనా పంపడానికి ఈ నెలాఖరు దాకా గడువు ఇచ్చారు. మొదటి వాక్యం కూడా రాయలేదు. ఆ రోజు ఆకు ఏ సాళ్లలో కోశాడో అంజినప్పను నేను ఇంతవరకు అడగలేదు.